పాలు పడవు

పిండి మర నడిపే మనిషికి సగం మాటే వినపడుతుంది. మిగతా సగం తనే పూరించుకోవాలి. రాయి తిరుగుతున్నంతసేపూ ఆ గదిలో ఒకరి గొంతు ఇంకొకరికి అందదు. వచ్చినవాళ్ళు గిన్నె చూపించి, రెండు వేళ్ళు రుద్ది మెత్తగా కావాలనో, గుప్పిట విప్పి బరకగా కావాలనో సైగ చేస్తారు. ఆవిడ తల ఊపుతుంది. ఇన్నేళ్ళలో ఎవరి పిండీ పాడుచేసిన మనిషి కాదు. అందుకే వీధిలో మంచి పేరుంది, దాంతోపాటు ముద్దుపేరూ ఉంది. మర దగ్గరుండే అక్క కాబట్టి మరక్క. పిల్లలు కొంటెగా దాన్ని కురచ చేసి 'మరకా' అని పిలిస్తే, పిండి చేత్తో వాళ్ళ బుగ్గలు గిల్లి, "ఇదిగో, ఇప్పుడు నీకూ అంటింది మరక" అనేది.

మర దగ్గర చెల్లింది కదా అని బతుకులో కూడా సగం మాటతో పని జరుగుతుందనుకుంది, అదీ వచ్చిన చిక్కు. ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపే "ఆఁ, అర్థమైంది" అనేసేది. అర్థమైంది అని అంత ధీమాగా అనేవాళ్ళను చూస్తే భయపడాలి. ఆ సంగతి ఆవిడకు చెప్పేవాళ్ళెవరూ లేకపోయారు.

తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చినప్పుడు మరలో శనగలు ఆడుతున్నాయి. తమ్ముడంటే ఒట్టి తమ్ముడు కాదు, అమ్మా నాన్నా పోయాక తను అన్నం కలిపి ముద్దలు పెట్టి పెంచుకున్న తమ్ముడు. లారీ నడుపుతాడు. ఎక్కడో లోడు దింపిన ఊళ్ళో ఒక అమ్మాయిని ఇష్టపడి, అక్కతో మాటమాత్రం అనకుండా పెళ్ళి చేసుకుని, తర్వాత ఫోటో పంపాడు. "ఫోటో బాగుంది" అని మరక్క ఫోన్ పెట్టేసింది. ఆ పెట్టేయడం పెట్టేయడమే, మళ్ళీ మాటల్లేవు. పంతం అలాంటిది. ఇద్దరూ ఏడుస్తూనే బిగుసుకుని కూర్చున్నారు.

"అక్కా, ఆడపిల్ల పుట్టింది," అన్నాడు తమ్ముడు, పంతాన్నంతా ఒక్క ముక్కతో తుడిచేస్తూ. "ఆపరేషన్ చేసి తీశారు. ఇంటికి తెచ్చి దింపాను గానీ నేను లోడుతో బయల్దేరక తప్పడం లేదు. నీ మరదలికి తల్లి కూడా లేదు. నువ్వు రాగలవా?"

"వస్తానురా, ఇప్పుడే వస్తా," అంది మరక్క. కాలు నిలవలేదు ఆవిడకు.

"ఇంకో మాట. దానికి పాలు పడవు. కాస్త జాగ్రత్తగా..."

ఇక్కడ మర మోత, అక్కడ లారీ హారన్. "అర్థమైందిరా! అదంతా నేను చూసుకుంటాగా!" అని అరిచి ఫోన్ పెట్టేసింది.

తమ్ముడు చెప్పింది కడుపు సంగతి. మరదలికి చిన్నప్పటినుంచీ పాలు సయించవు. గుక్కెడు తాగితే పొట్ట ఉబ్బి, మెలిపెట్టి, విరేచనాలు పట్టుకుంటాయి. మరక్క విన్నది రొమ్ము సంగతి. బాలింతకు పాలు పడటం లేదని, బిడ్డ నోటికి చాలడం లేదని. పడలేదు అనకుండా పడవు అన్నాడంటే డాక్టర్లు కూడా చేతులెత్తేశారేమో అనుకుంది. మాట ఒకటే. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. తమ్ముడు సరిగ్గానే చెప్పాడు, అక్క సరిగ్గానే విన్నది.

ఆ రోజే మర మూసి, వేయించిన శనగపిండీ, పెసరపిండీ, వేరుశనగలూ సంచిలో కుక్కుకుని బస్సెక్కింది. దారిలో దిగి పాలపొడి డబ్బాలు కూడా కొన్నది.

మరదలు గోడ పట్టుకుని నడిచొచ్చి తలుపు తీసింది. సన్నగా, కళ్ళే ముఖమంతా అయినట్టున్న పిల్ల. "రండి వదినా" అని పక్కకు జరిగి, వంగబోయి ఆపరేషన్ కుట్లు లాగి ఆగిపోయింది. మరక్క మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని వచ్చి కూర్చుంటే, ఆ పిల్ల తనంతట తనే బిడ్డను తెచ్చి ఒళ్ళో పెట్టింది. "చూడవే, మేనత్త వచ్చింది" అంది. మేనత్త! ఆ మాటకు మరక్క లోపల ఏదో మెత్తబడిపోయింది. మొగుడు పోయి, పిల్లల్లేక, రాయి మోతలో బతికిన మనిషికి ఈ లోకంలో మళ్ళీ ఒక వరస దొరికింది. ఈ ఇంట్లో తనకొక మూల కావాలి, ఈ బిడ్డ పెరుగుతుంటే చూసే హక్కు కావాలి. అంతకంటే ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు.

సాయంత్రమే వెచ్చటి పాలు గ్లాసు నిండా తెచ్చి ఇచ్చింది. మరదలు గ్లాసు వంక చూసి, ఆవిడ వంక చూసింది.

"వదినా, నాకు పాలు... మీ తమ్ముడు మీకు చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదూ? ఫోన్‌లోనే చెప్పాడు. తెలుసమ్మా. తెలిసేగా ఇస్తున్నాను. తాగు."

మరదలి ముఖంలో రంగు పోయింది. మరక్క అది సిగ్గనుకుంది. బిడ్డకు చాలినన్ని పాలు లేవని ఏ తల్లి పైకి చెప్పుకుంటుంది? అందుకే మాట పెంచకుండా, "నా ముందు మొహమాటం వద్దు. మొత్తం తాగాలి," అని దగ్గరుండి తాగించింది. పాలు తాగితే పాలు పడతాయి, అందులో తెలియనిదేముంది అనుకుంది.

ఆ తర్వాతి రోజుల్లో ఆ ఇంట్లో పాలు పొంగని పూట లేదు. పొద్దున పాలు. పాలల్లో చిలికిన గుడ్డు. మధ్యాహ్నం పెరుగు. మరదలు గ్లాసు చూడగానే ముడుచుకుపోతుంటే, వేషాలు కాబోలనుకుంది మరక్క. తమ్ముడూ చిన్నప్పుడు ఇలాగే పాలకు ముఖం తిప్పేవాడు, అట్టులో కలిపి ఏమార్చి తినిపించేది. ఇప్పుడూ అదే ఉపాయం చేసింది. తను తెచ్చిన శనగపిండి జావలో పాలపొడి కలిపి, వాసన తెలియకుండా యాలకులు దంచి వేసి, "ఇందులో పాలు లేవులే, తిను" అని కూడా అనేసింది. ప్రేమతో ఆడిన అబద్ధం కదా అని ఆవిడకు ఏమీ అనిపించలేదు.

మరదలు తినేది. తిని, కాసేపటికి గోడ పట్టుకుంటూ బాత్రూమ్ వైపు వెళ్ళేది. పళ్ళు బిగపట్టి, కుట్ల మీద చెయ్యి అదిమి పట్టుకుని వచ్చి పడుకునేది. ఏమైందని అడిగితే "ఏం లేదు వదినా" అనేది. రెండు ముద్దలు తిని, భయపడి మూడో ముద్ద మానేసేది. బిడ్డ రొమ్ము పట్టి, వదిలి, ఏడ్చేది. "చూశావా, అందుకే చెప్పేది!" అని మరక్క ఇంకో గ్లాసు కాచేది. బిడ్డను భుజాన వేసుకుని ఆ గదినుంచి ఈ గదికి తిరుగుతూ, "మీ అమ్మకు నేను బలం పట్టిస్తానే, నువ్వు ఊరుకో" అని చెప్పేది. ఆ రోజుల్లో ఆవిడంత సంతోషంగా ఉన్న మనిషి ఆ వీధిలో లేదు.

ఒక పొద్దున మరదలు మంచం దిగబోయి కళ్ళు తిరిగి పడిపోయింది. నాలుక ఎండిపోయి ఉంది. కుట్ల దగ్గర గాయం విచ్చి చీము పట్టింది. మరక్క బిడ్డను ఒక చేత్తో, ఆ పిల్లను ఇంకో చేత్తో పట్టుకుని, మెట్లన్నీ ఎలా దిగిందో దిగి ఆసుపత్రికి చేర్చింది.

సెలైన్ ఎక్కించారు, గాయం కడిగి కట్టు కట్టారు. ఒంట్లో నీళ్ళు లేవన్నారు, మాంసకృత్తులు బాగా తగ్గిపోయాయన్నారు, పుండు మానడానికి ఒంట్లో సరుకే లేదన్నారు. తిండి సంగతి అడగడానికి ఒక డైటీషియన్ వచ్చింది. కళ్ళజోడు ముక్కు మీదికి జారుతున్న చిన్నపిల్ల.

"ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారండీ?"

"నేనే," అని మరక్క ముందుకొచ్చింది. "నా చేత ఏ లోటూ జరగలేదమ్మా. పూటపూటకీ పాలు, పాలల్లో గుడ్డు, పెరుగు. తాగనంటే జావలో పాలపొడి కలిపి మరీ పెట్టాను."

మంచం మీద మరదలు కళ్ళు తెరిచింది. "జావలో కూడానా?" అంది. తర్వాత డైటీషియన్ వైపు తిరిగి, "నాకు పాలు పడవని ఆవిడకు తెలుసు మేడం" అంది.

"తెలుసు! పాలు పడవనేగా పాలు పట్టాను!"

"పడవని తెలిసి పట్టారా?" డైటీషియన్ కళ్ళజోడు పైకి తోసుకుంది.

"పడాలనే పట్టానమ్మా!"

"ఆగండాగండి. పడవంటే మీరేమనుకున్నారు?"

మరక్క చెయ్యి తన గుండెల మీదికి వెళ్ళింది. బిడ్డ నోరు పెట్టే చోటికి. అదే సమయానికి మరదలు సూది గుచ్చిన చేతిని మెల్లగా ఎత్తి తన పొట్ట మీద పెట్టుకుంది. ఒకరి చెయ్యి ఇంకొకరికి కనపడింది. డైటీషియన్‌కు నవ్వు రాబోయి, మరక్క ముఖం చూసి ఆగిపోయింది.

"మరి చెప్పొచ్చుగా తల్లీ," అంది మరక్క చివరికి. "నోరు తెరిచి ఒక్క మాట అనొచ్చుగా."

"చెప్పబోయాను. తెలుసన్నారు. తెలిసే ఇస్తున్నానన్నారు," అంది మరదలు. ఆమె గొంతులో కోపం లేదు, అదే వినలేకపోయింది మరక్క. "నేనంటే మీకు పడదనుకున్నాను వదినా. మీకు చెప్పకుండా ఆయన్ని చేసుకున్నందుకు శిక్ష అనుకున్నాను. ఓర్చుకుని తాగేస్తే మీ కోపం తీరిపోతుందేమో, అప్పుడు మీరు మాతోనే ఉంటారేమో అనుకున్నాను."

డైటీషియన్ తర్వాత చాలా చెప్పింది. బలమంతా పాలల్లోనే ఉంటుందని ఎవరన్నారండీ, గుడ్డులో లేదా, చేపలో లేదా, కోడిమాంసంలో లేదా అంది. మాంసం మింగుడు పడని రోజున పప్పులు, శనగలు, పెసలు, వేరుశనగలు, సోయా చాలంది. ఒక్క పూటే కుక్కకుండా ప్రతి పూటా కొంచెం కొంచెం పెట్టమంది. కడుపు కుదుటపడేదాకా పప్పు మెత్తగా ఉడికించి పలచగా ఇవ్వమంది. బ్రెడ్డులో, బిస్కెట్లలో, పొట్లాల్లో వచ్చే సూపుల్లో కూడా పాలపొడి కలుస్తుంది, చదివి చూసి కొనమంది. మరక్క తల ఊపలేదు. మొట్టమొదటిసారి, ప్రతి మాటా చివరిదాకా విని, మళ్ళీ అడిగి చెప్పించుకుంది. ఆ పప్పులన్నీ జీవితమంతా తన చేతుల మీదుగా జారినవే. సంచిలో మోసుకొచ్చిన ఆ పిండినే ఒట్టి నీళ్ళతో కాచి పోసినా ఆ పిల్ల లేచి తిరిగేది. మందు తనే తెచ్చింది, తనే విషం కలిపింది. ఈ ఆలోచన వచ్చాక ఆవిడ ఆసుపత్రి వసారాలో కూలబడి తలకొట్టుకుని ఏడ్చింది.

తమ్ముడు లోడు మధ్యలో ఇంకొకరికి అప్పగించి పరుగున వచ్చాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. "ఏ పాలని ఒక్క మాట అడగాల్సింది కదక్కా," అన్నాడు అంతే. తర్వాత తనే, "నేనైనా సరిగ్గా చెప్పాల్సింది," అని తల పట్టుకున్నాడు. అతను తిట్టి ఉంటే బాగుండేది.

పుండు నెమ్మదిగా మానే దారిలో పడింది. ఇంకొకటి మాత్రం మరి రాలేదు. ఎండిపోయిన ఒంట్లో, బిడ్డకున్న ఆ కాసిని పాలూ ఇంకిపోయాయి. నర్సులు ఎన్నో తిప్పలు పడ్డారు, మరదలు బిడ్డను గుండెకు అదుముకుని గంటలకొద్దీ కూర్చుంది. చుక్క రాలేదు. బిడ్డకు డబ్బాపాలు అలవాటు చేశారు. మరక్క తప్పుగా విన్న ఆ మాటను మరక్కే నిజం చేసింది. ఆ పిల్లకు ఇప్పుడు రెండు విధాలా పాలు పడవు.

ఇంటికొచ్చాక మరక్క వంటింట్లోనుంచి కదల్లేదు. పాలగిన్నె, గ్లాసులు, చెంచాలు అన్నీ బూడిద వేసి తోమినట్టు తోమింది. బిడ్డ సీసా సంగతి తమ్ముడికే వదిలేసి దాని జోలికి పోలేదు. పప్పు ఉడికించి జల్లెడ పట్టింది. శనగలు నానబెట్టి, మొలకెత్తాక ఆవిరిమీద మెత్తబరిచింది. చేప ముల్లు తీసి వేళ్ళతో నలిపి మరీ చూసింది. వేరుశనగలు వేయించి, పొట్టు ఊది, నూరి అన్నంలో కలిపింది. కొట్టువాడి చేత ప్రతి పొట్లం వెనకా ఉన్న చిన్న అక్షరాలన్నీ చదివించి, అతనికి తల ప్రాణం తోకకు తెచ్చింది.

పళ్ళెం పట్టుకుని గదిలోకి వెళ్ళగానే మరదలు అడిగేది, "ఇందులో పాలు లేవు కదా వదినా?"

"లేవమ్మా."

పప్పన్నం తెచ్చినా అడిగేది. చేప తెచ్చినా అడిగేది. ఒకరోజు ఉడికించిన గుడ్డును పెంకుతో సహా తెచ్చి ఆమె ముందే ఒలిచింది. మరదలు దాన్నీ అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా, "లేవు కదా?" అంది. అడిగాక తనే సిగ్గుపడి తల దించుకుంది. ఒక్కసారి 'ఇందులో పాలు లేవులే' అని చెప్పిన నోరు కదా, ఇప్పుడు ఎన్నిసార్లు లేవన్నా ఏం లాభం? రెండు ముద్దలు తిని, మెడ దగ్గర చెయ్యి పెట్టుకుని, "చాలండీ" అనేది. పుండు మానడం మళ్ళీ ఆగింది. కట్టు మార్చే నర్సు, తిండి చాలడం లేదు, ఇలాగైతే మళ్ళీ చేర్చాల్సి వస్తుందని హెచ్చరించి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం బిడ్డ నిద్రపోతుంటే మరదలే పిలిచింది. "కూర్చోండి వదినా," అంది. చాలాసేపు దుప్పటి అంచు మడతపెడుతూ, విప్పుతూ ఉండిపోయింది.

"మీరు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు. ఆయన చెప్పారు, ఆయన చెప్పకపోయినా నాకు తెలుసు. ఆసుపత్రిలో మీ చెయ్యి చూసినప్పుడే తెలిసిపోయింది. మీ మీద నాకు కోపం లేదు, ఒట్టు."

"మరేంటి తల్లీ?"

"మీరు పళ్ళెం పట్టుకుని వస్తున్న అడుగుల చప్పుడు వినపడితే నా కడుపు ముడుచుకుపోతోంది. వద్దు, వదిన మంచిది అని నాకు నేనే చెప్పుకుంటాను. అయినా లోపలికి పోదు. ఏం చెయ్యను?" కళ్ళు తుడుచుకుంది. "పాల తప్పేముంది చెప్పండి? లోకమంతా తాగుతుంది. నాకే పడవు. అలాగే..."

ఆ మాట పూర్తి చేయలేదు. మరక్క పూర్తి చేసుకుంది. ఈసారి ఏ పొరపాటూ లేదు.

"ఏడవకు, కుట్లు లాగుతాయి," అని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే తమ్ముణ్ణి పొయ్యి ముందు నిలబెట్టింది. "నేర్చుకో" అంది. పప్పులో నీళ్ళెన్ని, శనగలు వేలితో నొక్కితే ఎలా ఉండాలి, చేప ఎక్కడ తడిమితే ముల్లు దొరుకుతుంది, అన్నీ చేతిలో చెయ్యేసి చూపించింది. అంత పెద్ద లారీని సందుల్లో తిప్పే మనిషి గుడ్డు కొట్టబోయి చొక్కా మీద పోసుకున్నాడు.

"నలభై ఏళ్ళు వస్తున్నాయి, గుడ్డు కొట్టడం రాదు నీకు!"

"నువ్వెప్పుడైనా పొయ్యి దగ్గరికి రానిచ్చావా నన్ను?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అక్క ఎందుకు నేర్పుతోందో అతనికి అర్థం కాకపోలేదు.

మొదటి రోజు అతను వండింది మాడిపోయింది. మరక్క చకచకా వేరే వండి, అతని చేతికి పళ్ళెం ఇచ్చి, "నువ్వే చేశావని చెప్పు" అని పంపింది. తను వసారాలో నిలబడింది. లోపల్నుంచి 'పాలు లేవు కదా' అన్న మాట రాలేదు. చెంచా చప్పుడు వచ్చింది, ఆగకుండా వచ్చింది. ఆ రోజునుంచీ అదే పద్ధతి. కొన్ని అతను వండేవాడు, కొన్ని ఆవిడ వండేది, అన్నీ అతని చేతుల మీదుగానే వెళ్ళేవి. నర్సు కట్టు విప్పి, "అబ్బ, ఇప్పుడు ఎర్రగా మంచి కండ పడుతోంది" అని మెచ్చుకుంది. తమ్ముడి చేతి కూరలు బాగా కుదిరాయని, తనే ఇక అన్నీ చేసుకోగలడని అనిపించాక, మరక్క సంచి సర్దుకుంది.

బయల్దేరే రోజు ఆఖరి వంట మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పెసరపప్పు, నలిపిన చేప, నూరిన వేరుశనగ వేసి కలిపిన అన్నం. అంతా తనే చేసింది. తమ్ముడు తీసుకెళ్ళి ఇచ్చాడు. కాసేపటికి లోపల్నుంచి మరదలి గొంతు వినపడింది. ఇన్నాళ్ళుగా ఆ ఇంట్లో మరక్క వినని గొంతు. ఆకలేసిన పిల్ల గొంతు.

"ఏమండీ, ఇవాళ ఎంత బాగా చేశారో! ఇంకొంచెం ఉందా?"

తమ్ముడు ఖాళీ పళ్ళెంతో వంటింట్లోకి వచ్చాడు. అక్క ముఖం చూసి నిలబడిపోయాడు.

"చెప్పేస్తానక్కా. ఇది నీ చేతిదని చెప్పేస్తాను. తెలియాలి దానికి."

"పిచ్చివాగుడు వాగకు." మరక్క పళ్ళెం లాక్కుని నిండుగా వడ్డించింది. ఒక్క మెతుకు కింద పడనివ్వలేదు. "చెప్పావనుకో, తిన్నది కూడా పడదు దానికి. తీసుకెళ్ళు, చల్లారుతోంది."

అతను తీసుకెళ్ళాడు. లోపల బిడ్డ లేచినట్టుంది, ఇద్దరూ దానితో ఏదో అంటూ నవ్వుతున్నారు. మరక్క మోచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, గిన్నెలో మిగిలింది తమ్ముడి కోసం తీసి మూత పెట్టి, సంచి అందుకుంది.